గర్భధారణ, కాన్పుల్లో అరుదైన చిక్కులు, అసాధారణ స్థితులు

గర్భం నిలిచిన నాటి నుంచి కాన్పయ్యాక కొన్ని నెలల దాకా ఏ కొద్దిమందికో ఎదురయ్యే ప్రమాదాలనూ, మామూలుగా కనిపించని శరీర స్థితులనూ కలిపి ప్రసూతి వైద్యంలో అరుదైన చిక్కులు, అసాధారణ స్థితులు అంటారు. వీటిలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. గర్భసంచి బయట నిలిచిన గర్భం, గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయిన మాయ, ఉమ్మనీరు తల్లి రక్తంలో కలవడం అలాంటివి. కొన్ని చూసినవారిని ఆశ్చర్యపరిచేవే తప్ప పెద్దగా హాని చేయనివి. పళ్లతో పుట్టిన బిడ్డ, ఉమ్మనీటి సంచి చిరగకుండానే బయటపడ్డ బిడ్డ ఈ కోవలోకి వస్తారు. మరికొన్ని కాన్పయిన ఏళ్లకు గాని బయటపడవు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ వందల్లోనో, వేలల్లోనో, లక్షల్లోనో ఒకరికి వచ్చేదే. అన్నీ కలిస్తే మాత్రం పెద్ద ప్రసూతి ఆసుపత్రుల్లో ఇలాంటి కేసులు తరచూ కనిపిస్తూనే ఉంటాయి.

నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్) 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. తీవ్ర రక్తస్రావం, బీపీ, ఇన్‌ఫెక్షన్ వంటి తెలిసిన శత్రువులను అదుపు చేసేకొద్దీ, అంతగా తెలియని కారణాల మీద దృష్టి పెట్టక తప్పదు. ఈ అరుదైన స్థితుల్లో చాలావాటికి నేడు చికిత్స ఉంది. గుర్తించడంలో ఆలస్యమే ప్రాణాలు తీస్తోంది. ఆ ఆలస్యాన్ని తగ్గించేవి ముఖ్యంగా రెండు: గర్భిణి చెప్పేది వినడం, ఆమెకు జరిగింది ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం.

అరుదు ఏది, అపోహ ఏది

బిడ్డ పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమని తెలుగు ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. మేనమామ బిడ్డను నేరుగా చూడకుండా ముందు నూనెలో నీడ చూసే ఆచారం దాని నుంచే వచ్చింది. నిజానికి బొడ్డుతాడు మెడ చుట్టూ ఉండటం అరుదే కాదు. ప్రతి నలుగురైదుగురు శిశువుల్లో ఒకరు అలా పుడతారు. ఎక్కువమందిలో కాన్పు చేసేవారు తాడును తల మీదుగా వేలితో తప్పించేస్తారు, బిడ్డకు ఏమీ కాదు, మేనమామకు అసలే కాదు. బొడ్డుతాడు నిజంగా ముడిపడటం సుమారు వంద కాన్పుల్లో ఒకదానిలో కనిపిస్తుంది. ముడి బిగుసుకుంటే ప్రమాదమే గాని, ఎక్కువ సార్లు కాన్పయ్యాక మాయను చూసినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తంతే నడుం పట్టు వదులుతుందని పల్లెల్లో అంటారు. నెలలు నిండాక కూడా ఎదురుకాళ్లతో ఉండే శిశువులు నూటికి ముగ్గురు నలుగురు. పుడుతూనే పళ్లుండటం రెండు మూడు వేల మందిలో ఒకరికి జరుగుతుంది. అవి దాదాపు ఎప్పుడూ ముందుగా మొలిచిన పాలపళ్లే. కదులుతూ ఊడి గొంతులోకి జారేలా ఉంటేనో, పాలు తాగడానికి అడ్డొస్తేనో తీసేస్తారు. వాటిలో కీడు ఏమీ లేదు. నలుగురూ భయపడే విషయాల్లో చాలావాటికి ప్రమాదం తక్కువ. భయపడాల్సిన వాటికేమో ఇళ్లలో వాడుక పేరు కూడా ఉండదు.

చరిత్ర

సుశ్రుత సంహిత మూఢగర్భం పేరుతో బిడ్డ అడ్డం తిరిగి బయటికి రాలేని స్థితిని వివరించి, కీల, ప్రతిఖుర, బీజక, పరిఘ అని నాలుగు రకాలుగా విభజించింది. పదో శతాబ్దం నాటి అరబ్బు శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ, పొట్ట మీది చీముగడ్డ లోంచి పిండపు ఎముకలు బయటపడిన స్త్రీ గురించి రాశాడు. గర్భసంచి బయటి గర్భానికి దొరుకుతున్న తొలి వర్ణనల్లో అదొకటి.

1582లో ఫ్రాన్స్‌లోని సాన్స్ పట్టణంలో 68 ఏళ్ల స్త్రీ చనిపోయింది. ఆమె 28 ఏళ్ల కిందట నెలలు నిండి, నొప్పులు వచ్చి, కాన్పు కాకుండా మిగిలిపోయిన మనిషి. శవపరీక్షలో కడుపులో సున్నం పట్టి గట్టిపడిన శిశువు కనిపించింది. వైద్యుడు జాన్ దయ్యెబూ దాన్ని వివరంగా నమోదు చేశాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆమె తన కడుపులో బరువు ఉందనే చెబుతూ వచ్చింది. ఆ మాటకు రుజువు దొరికింది ఆమె పోయాకే.

తర్వాతి మలుపు 1883లో వచ్చింది. అప్పటిదాకా ఫెలోపియన్ ట్యూబు పగిలిన స్త్రీని వైద్యులు చూస్తూ ఊరుకోవడమే జరిగేది. ఆ ఏడు బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ పొట్ట కోసి, పగిలిన ట్యూబుకు ముడివేసి తొలగించి ఒక స్త్రీని బతికించాడు. స్కానింగ్, రక్తమార్పిడి, మత్తుమందుల శాస్త్రం పెరిగాక ఇరవయ్యో శతాబ్దంలో ఈ రంగం పూర్తిగా మారిపోయింది.

చోటు తప్పిన గర్భం

ఫలదీకరణ చెందిన అండం గర్భసంచి లోపలి పొరలో కాక మరోచోట పాతుకోవడం చోటు తప్పిన గర్భం. వందలో ఒకరిద్దరికి వస్తుంది. అందులో 90 శాతానికి పైగా ఫెలోపియన్ ట్యూబులోనే నిలుస్తుంది. ఆఖరి నెలసరి మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనబడటం దీని సూచనలు. ట్యూబు పగిలితే లోపల రక్తం పేరుకుని కళ్లు తిరుగుతాయి. ఆ రక్తం ఉదర వితానాన్ని తాకితే భుజం పైభాగంలో నొప్పి వస్తుంది. కడుపులో జబ్బుకు భుజం నొప్పేమిటని కొట్టిపారేయడం వల్ల పోయిన ప్రాణాలున్నాయి. తొందరగా గుర్తిస్తే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తోనో, లాపరోస్కోపీతోనో నయమవుతుంది.

ఇందులోనూ అరుదైన రూపాలున్నాయి. ఒకే సమయంలో గర్భసంచిలో ఒకటి, బయట ఒకటి నిలవడం సహజ గర్భాల్లో సుమారు 30,000కు ఒకటి అని పాత అంచనా. ఐవీఎఫ్ వల్ల అది బాగా పెరిగింది. లోపలి బిడ్డ గుండె స్కానింగ్‌లో చక్కగా కనబడుతుండటంతో బయటి గర్భం మీద అనుమానం రాకపోవడమే ఇక్కడి చిక్కు. పాత సిజేరియన్ కోత మచ్చలో గర్భం నిలవడం మరో రూపం. సిజేరియన్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతోంది.

పిండం పొట్ట ఖాళీలో పెరగడం దాదాపు 10,000 కాన్పులకు ఒకసారి జరుగుతుందని అంచనా. మాయ పేగులకో, పేగులను కప్పే కొవ్వు పొరకో అతుక్కుని ఉంటుంది. దాన్ని బలవంతంగా లాగితే ఆపలేని రక్తస్రావం అవుతుంది కాబట్టి బిడ్డను తీసి మాయను అక్కడే వదిలేయడమూ ఒక పద్ధతి. అలాంటి పిండం మూడు నెలలు దాటాక చనిపోయి, శరీరం పీల్చుకోలేనంత పెద్దదైతే దాని చుట్టూ సున్నం పేరుకుంటుంది. తల్లికి ఇన్‌ఫెక్షన్ రాకుండా శరీరం కట్టుకునే గోడ అది. దీన్నే రాతి బిడ్డ అంటారు. ప్రపంచ వైద్య సాహిత్యంలో నమోదైనవి సుమారు 300 మాత్రమే. 2014లో నాగపూర్ వైద్యులు 60 ఏళ్ల స్త్రీ పొట్టలోంచి 36 ఏళ్లుగా ఉండిపోయిన పిండపు ఎముకల గూడును తొలగించారు.

ముత్యాల గర్భం

మాయ కణాలు అదుపు తప్పి పెరిగి ద్రాక్షగుత్తిలా నీటిబుడగల ముద్ద కావడాన్ని తెలుగులో ముత్యాల గర్భం అంటారు. గాంధారికి బిడ్డ బదులు మాంసపు ముద్ద పుట్టిందన్న భారత కథ తెలిసినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు. సుమారు వెయ్యి గర్భాలకు ఒకటి ఇలా అవుతుంది. ఆసియా దేశాల్లో ఇంకొంచెం ఎక్కువ.

ఇది రెండు రకాలు. పూర్తి ముత్యాల గర్భంలో క్రోమోజోములన్నీ తండ్రివే. తల్లి జన్యుపదార్థం లేని అండంలో శుక్రకణపు క్రోమోజోములు రెట్టింపవడమో, రెండు శుక్రకణాలు చేరడమో దీనికి మూలం. తండ్రి వైపు నుంచే ఇది వస్తుందని 1977లో జపాన్ శాస్త్రవేత్తలు కజీ, ఒహామా నిరూపించారు. పాక్షిక రకంలో మామూలు అండంలోకి రెండింతలు శుక్ర క్రోమోజోములు చేరి మొత్తం 69 అవుతాయి. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో ఆడమనిషి నిందలు పడిందో లెక్కలేదు. ఆమె చేసిన తప్పు ఇందులో ఏదీ లేదు.

నెలలకు మించి పొట్ట పెరగడం, తట్టుకోలేని వేవిళ్లు, రక్తస్రావం, అయిదో నెల రాకముందే బీపీ పెరగడం దీని లక్షణాలు. గర్భసంచిని సక్షన్ పద్ధతిలో శుభ్రం చేస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. రక్తంలో హెచ్‌సీజీ హార్మోను పూర్తిగా మామూలయ్యేదాకా వారం వారం, ఆ తర్వాత కొన్ని నెలలు నెలకోసారి పరీక్ష చేయించాలి. అప్పటిదాకా మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి. ఎందుకంటే పూర్తి రకంలో 15 నుంచి 20 శాతం మందిలో మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. అవి కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గానూ మారవచ్చు.

ఆ క్యాన్సర్ కథ వైద్యచరిత్రలో ఆశ పుట్టించిన ఘట్టం. 1956లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో మిన్ చూ లీ, రాయ్ హెర్ట్‌జ్ మెథోట్రెక్సేట్‌తో ఊపిరితిత్తులకు పాకిన కోరియోకార్సినోమాను నయం చేశారు. మందులతోనే పూర్తిగా కుదిరిన తొలి గడ్డ క్యాన్సర్ అదే. కంటికి కణితి కనబడకపోయినా హెచ్‌సీజీ జాడ ఉన్నంతకాలం మందు ఆపరాదన్న లీ పట్టుదలే నేటి చికిత్సకు పునాది. ఇప్పుడు పదిమందిలో తొమ్మిది మందికి పైగా కోలుకుంటారు, తర్వాత ఆరోగ్యవంతమైన పిల్లల్ని కనగలరు.

మాయ, బొడ్డుతాడు చిక్కులు

కాన్పయ్యాక మాయ దానంతటదే ఊడి రావాలి. గర్భసంచి కండరంలోకి పాతుకుపోతే రాదు. పైపైన అతుక్కోవడం, కండరంలోకి దిగడం, గోడను దాటి మూత్రాశయం దాకా చొచ్చుకుపోవడం అని దీనికి మూడు దశలు. 1937లో అమెరికా వైద్యులు అర్వింగ్, హెర్టిగ్ దీన్ని సమగ్రంగా వివరించినప్పుడు ఇది చాలా అరుదు. ఇప్పుడు సిజేరియన్ల వల్ల పెరుగుతోంది. కోత మచ్చ దగ్గర సహజమైన పొర లేనందువల్ల మాయ వేళ్లు నేరుగా కండరంలోకి దిగుతాయి.

2006లో వెలువడిన అమెరికా అధ్యయనం 30,000 మందికి పైగా సిజేరియన్ అయిన స్త్రీలను పరిశీలించింది. గర్భసంచి ముఖద్వారానికి మాయ అడ్డుపడి ఉన్నవారిలో అది పాతుకుపోయే అవకాశం మొదటి సిజేరియన్‌లో 3 శాతం, రెండోదానిలో 11, మూడోదానిలో 40, నాలుగోదానిలో 61 శాతమని తేలింది. ఈ అంకెలను తెలుగు రాష్ట్రాలు శ్రద్ధగా చదవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. అవసరమైన సిజేరియన్ ప్రాణదాత. ముహూర్తం కోసమో, నొప్పుల భయంతోనో చేయించుకున్న కోత మాత్రం తర్వాతి గర్భంలో ప్రమాదానికి దారి తీయవచ్చు. ముందే గుర్తిస్తే రక్తం సిద్ధం చేసుకుని, అనుభవజ్ఞుల బృందంతో, నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేస్తారు. చాలామందికి గర్భసంచి తీసేయవలసి వస్తుంది.

బిడ్డ రక్తనాళాలు మాయ రక్షణ లేకుండా గర్భసంచి ముఖద్వారం మీదుగా సాగడం మరో అరుదైన స్థితి. సుమారు 2,500 కాన్పులకు ఒకసారి ఎదురవుతుంది. ఉమ్మనీటి సంచి చిరిగినప్పుడు ఆ నాళమూ తెగితే కారేది తల్లి రక్తం కాదు, బిడ్డది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేదే పావు లీటరు. 2004లో ప్రచురితమైన 155 కేసుల పరిశీలనలో, ముందే స్కానింగ్‌లో కనిపెట్టిన బిడ్డల్లో 97 శాతం బతికారు, కనిపెట్టని వారిలో 44 శాతమే బతికారు. ఒక్క రంగుల డాప్లర్ స్కానింగ్ ఇంత తేడా తెస్తుంది.

కవలల్లో అసాధారణ స్థితులు

ఒకే అండం చీలి ఏర్పడిన కవలలు ఎప్పుడు విడిపోయారన్నదాన్ని బట్టి వారి కష్టసుఖాలు ఉంటాయి. ఒకే మాయను పంచుకునే కవలల్లో 10 నుంచి 15 శాతం మందిలో, కలిసిన రక్తనాళాల గుండా ఒకరి రక్తం మరొకరికి ఏకపక్షంగా ప్రవహిస్తుంది. ఇచ్చే బిడ్డ ఎండిపోతుంది, పుచ్చుకునే బిడ్డ గుండె అలసిపోతుంది. తల్లి పొట్టలోకి సన్నని గొట్టం పంపి ఆ నాళాలను లేజర్‌తో మూసే చికిత్స వచ్చాక పరిస్థితి మారింది. 2004లో యూరప్‌లో జరిగిన పరీక్షలో లేజర్ చేసిన గర్భాల్లో 76 శాతంలో కనీసం ఒక బిడ్డ దక్కింది. ఉమ్మనీరు తీస్తూ నెట్టుకొచ్చిన వాటిలో అది 56 శాతమే. ఒకే మాయా, రెండు మాయలా అన్నది మూడో నెల స్కానింగ్‌లోనే తేలాలి. తర్వాత చెప్పడం కష్టం.

ఫలదీకరణ జరిగిన 13 రోజుల తర్వాత విడిపోవడం మొదలైతే అది పూర్తికాక అవిభక్త కవలలు పుడతారు. 50,000 నుంచి లక్ష జననాలకు ఒకసారి ఇలా జరుగుతుంది. రొమ్ము భాగం కలిసి ఉండేవారు ఎక్కువ, తలలు కలిసి ఉండేవారు తక్కువ. 1811లో సయాంలో పుట్టిన చాంగ్, ఎంగ్ సోదరులు 63వ ఏట దాకా బతికారు, పెళ్లిళ్లు చేసుకుని మొత్తం 21 మంది పిల్లల్ని కన్నారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో పెరిగిన అలాంటి అక్కచెల్లెళ్ల వల్ల అవిభక్త కవలలు అన్న మాట తెలుగు ఇళ్లకు చేరింది.

ఇంకా అరుదైనవి రెండు. సుమారు 35,000 గర్భాలకు ఒకసారి, కవలల్లో ఒకరికి గుండె ఏర్పడదు. రెండో బిడ్డ గుండే ఇద్దరికీ రక్తం పంపుతూ అలసిపోతుంది. దాదాపు అయిదు లక్షల జననాలకు ఒకసారి, ఒక పిండం రెండోదాని శరీరంలోనే చిక్కుకుపోతుంది. పసిబిడ్డ పొట్టలో గడ్డ అనుకుని ఆపరేషన్ చేస్తే వెన్నెముక, చేతులు ఏర్పడ్డ పిండం కనిపిస్తుంది.

తల్లి ఒంట్లో తలెత్తే అత్యవసర స్థితులు

గర్భిణికి బీపీ పెరిగి మూర్ఛలు రావడాన్ని మన పెద్దలు గుర్రపువాతం అన్నారు. దానికి మెగ్నీషియం సల్ఫేట్ దివ్యౌషధం. 33 దేశాల్లో సుమారు 10,000 మందిపై జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై పరీక్ష, ఆ మందు మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. ఈ జబ్బుకు అంతగా తెలియని తోబుట్టువు హెల్ప్ సిండ్రోమ్. 1982లో లూయీ వైన్‌స్టీన్ దానికా పేరు పెట్టాడు. ఎర్రకణాలు చితికిపోతాయి, కాలేయం దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డొక్క కింద కుడివైపు నొప్పి, వాంతులు ఉంటాయి. గ్యాస్ అనుకుని మాత్ర మింగించి పడుకోబెట్టడమే ఇక్కడి ప్రమాదం.

గర్భంలో కాలేయానికి తీవ్రంగా కొవ్వు పట్టడం 7,000 నుంచి 20,000 గర్భాలకు ఒకటి. చివరి నెలల్లో వాంతులు, నీరసం, కామెర్లతో మొదలై రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. కొందరిలో బిడ్డకు కొవ్వును కరిగించే ఎంజైము లోపం ఉండటమే తల్లి జబ్బుకు మూలం. కాబట్టి పుట్టిన బిడ్డనూ పరీక్షించాలి. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఇ కామెర్లు ఇతరుల్లో తగ్గిపోయేవే గాని, చివరి మూడు నెలల గర్భిణుల్లో 20 నుంచి 25 శాతం మందిని బలిగొనగలవు. కామెర్లకు పసరు పోయించి రోజులు గడపడం గర్భిణి విషయంలో ప్రాణాంతకం.

చివరి నెల నుంచి కాన్పయిన అయిదు నెలల దాకా గుండె కండరం కారణం తెలియకుండా బలహీనపడటం మరో స్థితి. ఆయాసం, కాళ్ల వాపు, వెల్లకిలా పడుకోలేకపోవడం దీని గుర్తులు. నెలలు నిండిన గర్భిణికీ అవే ఉంటాయి కాబట్టి దాటిపోతుంది. ఒక ఎకో పరీక్షతో తేలిపోతుంది. సగం మందికి పైగా గుండె తిరిగి కోలుకుంటుంది.

ఉమ్మనీరు, అందులోని కణాలు తల్లి రక్తంలో చేరి ఊపిరి, గుండె ఒక్కసారిగా కుప్పకూలడం వీటన్నిటిలో భయంకరమైనది. లక్ష కాన్పులకు రెండు నుంచి ఆరు. బ్రెజిల్‌లో మేయర్ 1926లో తొలిసారి నమోదు చేశాడు. 1941లో స్టైనర్, లష్‌బా దాన్ని ప్రత్యేక స్థితిగా స్థిరపరిచారు. నాళాలకు అడ్డుపడటం కంటే ఒళ్లు విపరీతంగా ప్రతిస్పందించడమే కారణమని ఇప్పుడు భావిస్తున్నారు. ముందుగా ఊహించే దారి లేదు. లేబర్ గదిలోనే గుండెను పునరుద్ధరించే నైపుణ్యం, చేతికందే దూరంలో రక్తం ఉంటేనే ఆశ.

శరీర నిర్మాణం, రక్తం, వయసు

కొందరు స్త్రీలకు పుట్టుకతోనే రెండు గర్భసంచులుంటాయి. చాలామందికి ఆ సంగతి స్కానింగ్ దాకా తెలియదు. 2019లో బంగ్లాదేశ్‌లో ఒక స్త్రీ బిడ్డను కని, 26 రోజుల తర్వాత రెండో గర్భసంచి నుంచి కవలలను కన్నది. మొదటి కాన్పప్పుడు ఆ కవలలున్నారని ఎవరికీ తెలియదు.

రక్తంలోనూ అరుదైనవి ఉన్నాయి. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం కనుగొన్న బాంబే గ్రూపు మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుంది. మామూలు పరీక్షలో అది ఓ గ్రూపుగానే కనబడుతుంది. ఓ రక్తం ఎక్కిస్తే మాత్రం ప్రాణాపాయం. బాంబే రక్తమే కావాలి. కాన్పుకు ముందే తెలిస్తే దాతలను వెతకడానికి వ్యవధి ఉంటుంది, రక్తస్రావం మొదలయ్యాక ఉండదు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల బిడ్డలను కాపాడే యాంటీ డి ఇంజెక్షన్ 1968లో వాడకంలోకి వచ్చింది. ఆ మందుకు అవకాశం ఇచ్చేది కూడా రక్తపరీక్ష చీటీ మీది రెండక్షరాల గ్రూపే.

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన స్త్రీ ఐవీఎఫ్ ద్వారా కవలలకు జన్మనిచ్చింది. ప్రపంచమంతా మాట్లాడుకున్న ఆ కాన్పు గుండె, రక్తనాళాల మీద గర్భం మోపే బరువు గురించి పెద్ద చర్చ రేపింది. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చట్టం ఈ సేవలకు స్త్రీల గరిష్ఠ వయసును 50గా నిర్ణయించింది.

కాన్పు తర్వాత

మాయ ఇంకా ఊడకముందే బొడ్డుతాడు లాగితే గర్భసంచి లోపలి భాగం బయటికి తిరగబడవచ్చు. కారిన రక్తానికి పొంతన లేనంతగా తల్లి షాక్‌లోకి వెళుతుంది. వెంటనే చేత్తో యథాస్థానానికి నెట్టాలి. లేదా 1945లో ఓసలివాన్ చెప్పిన పద్ధతిలో నీటి ఒత్తిడితో సరిచేయాలి.

విపరీతమైన రక్తస్రావంలో బతికి బయటపడ్డ కొందరిలో తలలోని పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక చచ్చుపడుతుంది. 1937లో బ్రిటన్ పాథాలజిస్టు హెరాల్డ్ షీహన్ దీన్ని వర్ణించాడు. మొదటి గుర్తు పాలు పడకపోవడం. తర్వాత నెలసరి రాదు, ఒంటి మీది రోమాలు రాలతాయి, చలికి తట్టుకోలేరు, ఎప్పుడూ నీరసం. కాన్పులో రక్తం చాలా పోయిందా అని ఎవరూ అడగకపోవడం వల్ల ఏళ్ల తరబడి బలం మందులు వాడేవారున్నారు. రోజూ కొన్ని హార్మోను మాత్రలతో ఆమె జీవితం మళ్లీ మామూలవుతుంది.

బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే ఒళ్లు చల్లబడుతుందని గ్లాసులతో కొలిచి ఇచ్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. కాన్పు తర్వాత రక్తం సహజంగానే గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. నీళ్లు తగ్గితే మెదడు సిరల్లో గడ్డలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. రోజురోజుకూ ఎక్కువయ్యే తలనొప్పి, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పడిపోవడం దాని గుర్తులు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్‌తో చాలామంది బాగుపడతారు. బాలింతకు దాహం వేసినన్ని నీళ్లు ఇవ్వడం ఖర్చులేని నివారణ.

వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మొదటి రెండు వారాల్లోనే మతిభ్రమణం వస్తుంది. నిద్ర పోదు, లేనివి వినబడతాయి, బిడ్డ మీద వింత అనుమానాలు పుడతాయి. గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయే రోజులే అత్యంత ప్రమాదకరమైనవి, తల్లికీ బిడ్డకూ. ఇది మెదడు జబ్బు, పూర్తిగా నయమయ్యే జబ్బు. తల్లీబిడ్డలను వేరు చేయకుండా చికిత్స చేసే విభాగం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి పనిచేస్తోంది.

దాగిన గర్భం, మిగిలిన జాడ

గర్భం ఉందని తల్లికే తెలియకపోవడం కట్టుకథ కాదు. బెర్లిన్‌లో జరిగి 2002లో వెలువడిన అధ్యయనం ప్రకారం 475 మందిలో ఒకరు అయిదో నెల దాకా, 2,455 మందిలో ఒకరు నొప్పులు వచ్చేదాకా గర్భాన్ని గుర్తించలేదు. అలాంటివారిని అబద్ధాలకోరులుగా చూడటం అన్యాయం.

బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో ఉండిపోతాయని, మగబిడ్డను కన్న 27 ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తాయని 1996లో డయానా బియాంకీ బృందం కనుగొన్నది. కాన్పు ముగిసినా దాని గుర్తును శరీరం దశాబ్దాల పాటు మోస్తుంది.

గుర్తింపు, నమోదు

అరుదైన స్థితులను ఒక వైద్యుడు జీవితంలో ఒకటి రెండు సార్లే చూస్తాడు. అందుకే పదిమంది అనుభవాన్నీ ఒకచోట కూర్చాలి. బ్రిటన్ 2005లో ఇందుకోసమే దేశవ్యాప్త ప్రసూతి నిఘా వ్యవస్థను మొదలుపెట్టింది. మన దేశంలో కేరళ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004లో తల్లుల మరణాలపై పేర్లు గోప్యంగా ఉంచే సమీక్షను ఆరంభించింది. ఎవరిని శిక్షించాలన్నది కాక ఎక్కడ ఆలస్యమైందన్నదే దాని ప్రశ్న. చావు అంచు దాకా వెళ్లి బతికిన తల్లుల కేసులను పరిశీలించే మార్గదర్శకాలను కేంద్ర ప్రభుత్వం 2014లో విడుదల చేసింది. బతికినవారి నుంచి నేర్చుకోవడంలో ఒక మేలుంది. ఏం జరిగిందో వాళ్లే చెప్పగలరు.

ఇంటివాళ్లు కనిపెట్టవలసిన గుర్తులు తక్కువే. భుజం నొప్పితో కళ్లు తిరగడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, డొక్క కింద నొప్పి, అరచేతులు అరికాళ్ల దురద, కళ్లు పచ్చబడటం, పడుకుంటే ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం, ఏ నెలలోనైనా రక్తం కనబడటం, బాలింతకు నిద్ర పూర్తిగా పోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకూడదు.

ఆసుపత్రి చేయవలసింది కూడా ఒకటుంది. ఏ కోత పెట్టారు, మాయ ఎలా వచ్చింది, ఎంత రక్తం పోయింది, ఏ గ్రూపు ఎక్కించారు, హెచ్‌సీజీ పరీక్ష ఎన్నాళ్లు చేయించాలి అన్న అయిదు ముక్కలు ఆమె చదవగలిగే భాషలో రాసి ఆమె చేతికివ్వాలి, కూర్చోబెట్టి చెప్పాలి. తర్వాతి గర్భంలో మాయ పాతుకుపోయిందా అని వెతకాలన్నా, నీరసం వెనక షీహన్ జబ్బును పట్టుకోవాలన్నా, బాంబే రక్తం ముందే సిద్ధం చేయాలన్నా తర్వాతి వైద్యుడికి దారి చూపేది ఆ కాగితమే. సాన్స్ పట్టణపు స్త్రీ మాటకు రుజువు దొరకడానికి ఇరవై ఎనిమిదేళ్లూ, ఒక మరణమూ పట్టాయి. నేటి తల్లి మాటకు అంతసేపు పట్టకూడదు.